పద్యం వెనక మనిషి

కాటిసీను అనగానే గుర్తొచ్చేది హరిశ్చంద్ర వేషధారి, లేదంటే హార్మోనియం. ఆ హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ఎందరికి గుర్తు? ఏ ఊళ్లోనైనా ఈ మరుపు ఒకటే.

రంగస్థల పద్యం రాయడం వేరే విద్య. పుస్తకంలో సమాసం ఎంత బిగిస్తే అంత గొప్ప. ఇక్కడ ఆఖరి వరుసవాడికి ఒక్కసారి వింటేనే అర్థం కావాలి, నటుడికి ఊపిరి అందాలి, రాగం తీయడానికి పాదం చివర దీర్ఘం దొరకాలి. బలిజేపల్లికి ఈ కిటుకు తెలియకేం? స్వయంగా నక్షత్రకుడి వేషం కట్టినవారు! 1939లో 'మళ్ళీ పెళ్ళి' సినిమాకూ రాశారు.

తర్వాత నటులు ఆయన నాటకంలోకి జాషువా శ్మశాన పద్యాలనూ తెచ్చుకున్నారు. వన్స్‌మోర్‌లు తరచూ వాటికే. మూలకర్తకు అన్యాయమే అనాలి, కానీ ఆ పద్యాలు లేని కాటిసీను నాకూ వద్దు.