పాత రైఫిల్‌కి కొత్త స్టాక్: కుదురు సంగతి

శంషాబాద్ విమానాశ్రయానికి తూర్పున, రావిర్యాల హార్డ్‌వేర్ పార్కులో 2018 డిసెంబరులో మొదలైన అదానీ–ఎల్బిట్ కర్మాగారంలో హెర్మెస్ 900 డ్రోన్లకు కార్బన్ కాంపోజిట్ భాగాలు తయారవుతున్నాయి. ఆ పక్కనే ఇమారత్ కంచలో క్షిపణుల పరిశోధన కేంద్రం ఆర్‌సీఐ 1988 నుంచి పనిచేస్తోంది. ఇలాంటి ప్రాంతంలో ఉంటూ కృత్రిమ పదార్థం కొయ్యకన్నా తక్కువదని ఎవరూ వాదించలేరు. నేనూ వాదించను. సైన్యం వాడి వదిలేసిన పాత రైఫిల్‌కున్న కొయ్య స్టాక్‌ను ఊడదీసి, బజార్లో దొరికే ప్లాస్టిక్ స్టాక్‌ను తొడిగే అలవాటు అమెరికాలో, ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా ఉంది. అలా చాలాసార్లు తుపాకీ గురి చెడింది. తప్పు ప్లాస్టిక్‌ది కాదు. పాత కొయ్య అక్కడ ఏ పని చేస్తోందో తెలుసుకోకుండానే దాన్ని తీసి పక్కన పెట్టడం వల్ల ఆ చెడు జరిగింది. స్టాక్‌ను చేత్తో పట్టుకోవడానికి ఉన్న పిడిగా చూసేవాళ్లకు ఈ సంగతి అందదు. ఇనుము, కొయ్య ఒకదానిలో ఒకటి ఎలా కుదురుకున్నాయన్నదాని మీదే రైఫిల్ గురి ఆధారపడుతుంది. ఆ కుదురు తెలిసినవాడు ఏ పదార్థంతోనైనా మంచి స్టాక్ అమర్చగలడు.

మన పోలీసు స్టేషన్లలో తరాలుగా కనిపించిన త్రీ నాట్ త్రీనే తీసుకుందాం. అసలు పేరు లీ–ఎన్‌ఫీల్డ్. 1907 నాటి మార్క్ త్రీ నమూనాను బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దశాబ్దాలపాటు తయారుచేసింది. దాని కొయ్య ఒకే ముక్క కాదు. భుజానికి ఆనే బట్ వేరు, గొట్టం కింద పరుచుకునే ముందరి కొయ్య వేరు. బట్‌ను లోపలినుంచి ఒక పొడవాటి బోల్టు ఇనుప గూటిలోకి లాగి బిగిస్తుంది. ముందరి కొయ్య పని అంతకన్నా నాజూకైనది. పేలుడు జరిగిన క్షణాన తుపాకీ వెనక్కి తన్నే బలాన్ని ఆ కొయ్య వెనక చివర, లోపలివైపున ఉన్న రెండు చిన్న ఆనుడు తలాలు అందుకుంటాయి. అవి ఇనుముకు రెండు పక్కలా సమంగా ఆని ఉండాలి. ఒక పక్క వదులైతే భారమంతా రెండో పక్కన పడి, కొన్నాళ్లకు కొయ్య నారవెంట చీలుతుంది. గొడ్డలి కామ కన్నంలో వదులైనప్పుడు ఒక్కో దెబ్బకూ తల కదిలి చివరికి కామే పగిలినట్టన్నమాట. ఇక గొట్టం మధ్యలో ఒక లోపలి పట్టీ, స్ప్రింగున్న మరతో గొట్టాన్ని కిందికి లాగి పట్టుకుంటుంది. మూతి దగ్గర మరో చిన్న స్ప్రింగు దాన్ని పైకి నెడుతుంది. సన్నని గొట్టం పేలినప్పుడు కొరడాలా అదురుతుంది కాబట్టి, ఆ అదురు ప్రతిసారీ ఒకేలా ఉండటానికే ఈ ఏర్పాటంతా. ట్రిగర్ గార్డు ముందరి మర దగ్గర ఒక చిన్న ఇనుప కాలర్ ఉంటుంది. కొయ్య నలిగిపోయేంతగా మరను బిగించకుండా అదే అడ్డుపడుతుంది. ఆ కాలర్ పొడవులో పిసరంత తేడా వచ్చినా బిగింపు మారుతుంది, బిగింపుతోపాటు గురీ మారుతుంది.

పదార్థం మారినప్పుడు పాతకాలపు పనివాళ్లు ఏం చేశారన్నది ఇక్కడ గట్టి సాక్ష్యం. ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ వాల్‌నట్‌కు బదులు తమ దేశపు కోచ్‌వుడ్, క్వీన్స్‌లాండ్ మేపుల్ వాడింది. ఆ కొయ్యలు అంత గట్టివి కావని వాళ్లకు తెలుసు. అందుకని తన్ను పడే చోట రాగి పలకలు పొదిగారు. ఇషాపూర్ వాళ్లు ముందరి కొయ్య చీలకుండా దానికి అడ్డంగా ఒక మర బిగించారు. సేకర్తలు దాన్ని ఇప్పటికీ ఇషాపూర్ మర అనే పిలుస్తారు. బ్రిటన్ తన ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) తుపాకులకు కొయ్య మానేసి, గాజునార కలిపిన మారనిల్ అనే నైలాన్ భాగాలు వాడింది. మన దేశపు ఎస్సెల్లార్ కొయ్యతోనే సాగింది. వీళ్లలో ఎవరూ పాత పదార్థమే పవిత్రమని మొండికేయలేదు. కొత్త పదార్థం వచ్చింది కదా, ఇక సర్దాల్సిన పని లేదనీ అనుకోలేదు. ఎక్కడ బలం పడుతుందో చూసి, అక్కడ కావలసిన గట్టితనాన్ని కూర్చారు. నాకు గౌరవం కలిగేది ఆ చూపు మీదే.

కొయ్య తేమకు ఉబ్బుతుందనేది ప్లాస్టిక్ పక్షాన వినబడే పెద్ద వాదన. అది నిజమే. పచ్చికొయ్య పూర్తిగా ఎండేటప్పుడు నారవెంట కుదించుకునేది వెయ్యికి ఒకటి రెండు వంతులు. నారకు అడ్డంగా మాత్రం నూటికి ఆరు నుంచి పది వంతుల దాకా పోవచ్చు. వియత్నాం యుద్ధంలో అమెరికన్ మెరైన్ల ఎం40 స్నైపర్ రైఫిళ్ల కొయ్య స్టాకులు ఆ అడవి తేమకు వంకరపోయాయి. 1970లలో వచ్చిన ఎం40ఏ1కు మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాక్ వేశారు. ఈ ఉదాహరణను తేలిగ్గా తోసిపుచ్చలేం. అయితే దాన్ని చివరిదాకా చదవాలి. మెరైన్ల ఆయుధ నిపుణులు ఆ ఫైబర్‌గ్లాస్ స్టాక్‌ను పెట్టెలోంచి తీసి అలాగే తగిలించలేదు. ప్రతి రైఫిల్ ఇనుమునూ దాని స్టాక్‌లో ఎపాక్సీ పోసి, ఆ ఒక్క తుపాకీ ఆకారానికే అచ్చు కుదిరేలా కూర్చోబెట్టారు. బజారు స్టాకుల్లో చాలావరకు ఫైబర్‌గ్లాస్ పొరలతో కట్టినవి కావు, అచ్చులో పోసిన ప్లాస్టిక్‌వి. తేమ అంటని పదార్థమనే నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. మామూలు నైలాన్ 66 నీటిలో పూర్తిగా నానితే తన బరువులో ఎనిమిది శాతం వరకు నీరు పీలుస్తుంది. ఎండకు అది ఉక్కుకన్నా ఆరేడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. గాజునార కలిపితే ఆ తేడా బాగా తగ్గుతుంది. మే నెల ఎండలో నల్లటి ప్లాస్టిక్ ఎంత వేడెక్కుతుందో దక్కనులో ఉండేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ముందరి భాగం పలచగా, డొల్లగా ఉంటే స్లింగ్ బిగించినా, ఇసుక మూట మీద ఆనించినా అది వంగి గొట్టాన్ని తాకుతుంది. ఒక గుండుకు తాకి, మరో గుండుకు తాకకపోతే గురి మీద నమ్మకం పెట్టుకోలేం.

మరి సరిగ్గా అమర్చడం ఎలా? ముందు తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బోల్టు, మేగజైన్ తీసి పక్కన పెట్టాలి. త్రీ నాట్ త్రీలో ఒక మెలిక ఉంది. బట్ బోల్టుకు చివర నలుపలకల తల ఉంటుంది, అది ముందరి కొయ్య వెనక ఉన్న చిన్న ఇనుప పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందరి కొయ్య తీయకుండా ఆ బోల్టు తిప్పితే కొయ్య వెనక భాగం పగులుతుంది. ఎన్నో మంచి స్టాకులు ఈ ఒక్క తొందరకే పోయాయి. తర్వాత కొత్త స్టాక్‌లో ఇనుమును పెట్టి చూడాలి. ఇనుముకు దీపపు మసి లాంటిది పలచగా పూసి, అమర్చి, తీసి చూస్తే ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఆనడం లేదో నల్లటి మచ్చలు చెబుతాయి. ఎత్తుగా ఉన్నచోట కొద్దికొద్దిగా గీరాలి. తన్ను అందుకునే తలాలు రెండు పక్కలా ఒకేసారి ఆనేదాకా ఓపిక పట్టాలి. అవసరమైతే అక్కడే ఎపాక్సీ నింపాలి. అది ఇనుముకు అతుక్కోకుండా ముందే మైనం రాయాలి, లేకపోతే రైఫిల్, స్టాక్ ఇక విడిపోవు. మరలు బిగించినప్పుడు ఇనుము వంగకుండా వాటి చుట్టూ లోహపు గొట్టాలు నిలబెట్టడం ఇంకో మంచి పద్ధతి. గొట్టాన్ని దేనికీ తాకకుండా వదలాలా, మూతి దగ్గర పైకి నెట్టే ఒత్తిడిని మళ్లీ కల్పించాలా అన్నది చివరన తేల్చాలి. లావుపాటి గొట్టానికి మొదటిది మంచిది. లీ–ఎన్‌ఫీల్డ్ సన్నని గొట్టానికి చాలాసార్లు రెండోదే నప్పుతుంది. లక్ష్యం మీద పడ్డ గుండ్ల గుంపును చూసే ఈ తీర్పు చెప్పాలి, పుస్తకం చూసి చెప్పకూడదు.

కొత్త స్టాక్ మన ఒంటికి నప్పుతుందనేది ఇంకో వాదన. సైన్యం ఆ సంగతీ ఎప్పుడో ఆలోచించింది. లీ–ఎన్‌ఫీల్డ్ బట్‌లు పొడవు, మామూలు, పొట్టి అని అర అంగుళం తేడాలతో వచ్చేవి, ఇంకా పొట్టివాళ్లకు బాంటం అనే రకమూ ఉండేది. కాబట్టి పొడవు చాలకపోతే తగిన పొడవు బట్ వెతికి మార్చుకోవడం మొదటి దారి. ఇక ఈ తుపాకులు లక్షల్లో తయారయ్యాయి, ఒకటి మార్చినంత మాత్రాన ఏం పోతుందనేది అన్నిటికన్నా తరచుగా వినే మాట. మార్క్ త్రీ లక్షల్లో తయారైంది నిజమే. ఇషాపూర్ 2ఏ, 2ఏ1ల కథ వేరు. 1960లలో, చైనా యుద్ధం తర్వాత, పాత లీ–ఎన్‌ఫీల్డ్ నిర్మాణాన్నే మెరుగైన ఉక్కుతో 7.62 తూటాకు అనువుగా మలిచి, పన్నెండు తూటాల మేగజైన్‌తో వాటిని తయారుచేశారు. 1965లో వచ్చిన 2ఏ1కు 800 మీటర్ల సైటు పెట్టారు. మన దేశపు ఇంజనీర్లు తమకు తెలిసిన యంత్రాన్ని కొత్త అవసరానికి సర్దిన ఆధారాలవి. వాటిలో చాలా అమెరికా సర్‌ప్లస్ మార్కెట్‌కు చేరి, గొట్టం కోయించుకుని, కొయ్య పోగొట్టుకుని, ప్లాస్టిక్ తొడుక్కున్నాయి. కోసిన గొట్టం తిరిగి రాదు. ఏళ్లతరబడి అవిసె నూనె పీల్చిన, నంబరు పొడిచిన కొయ్య ఇంకో తుపాకీకి సరిగ్గా కుదరదు. చెక్కుచెదరని రైఫిల్ చేతికొస్తే దాని కొయ్యకు నూనె పట్టించి వాడుకోవడమే న్యాయమని నా నమ్మకం. ఎవరో అప్పటికే కోసేసిన రైఫిల్ అయితే కృత్రిమ స్టాక్‌కు నాకేమీ అభ్యంతరం లేదు. దానికి మళ్లీ పని దొరుకుతుంది.

హైదరాబాద్ పరిసరాల్లో ఈ ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. మన దేశంలో త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు, మామూలు పౌరుడికి లైసెన్సు దొరకదు. లైసెన్సు మీద దొరికేది ఇషాపూర్ వారి .315 స్పోర్టింగ్ రైఫిల్. దాని నిర్మాణమూ లీ–ఎన్‌ఫీల్డ్ వరసదే కాబట్టి పైన చెప్పిన కుదురు సంగతులన్నీ దానికీ వర్తిస్తాయి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవాడికీ, మార్పు చేసేవాడికీ లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం 6వ సెక్షన్ కింద నేరం. కాబట్టి ఇక్కడ స్టాక్ పని లైసెన్సున్న దుకాణంలో గానీ, పోలీసు, సైనిక ఆయుధాగారాల ఆర్మరర్ల చేతుల్లో గానీ జరగాలి. సైన్యంలో ఆయుధాల మరమ్మతు చూసే ఈఎంఈ కోర్ కళాశాల సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే ఉంది. కొయ్య రైఫిళ్లు ఒక్కొక్కటే విరమిస్తున్న ఈ రోజుల్లో కొయ్యకు, ఇనుముకు మధ్య మసి మచ్చలు చదవగల ఆర్మరర్లు కూడా వాటితోపాటే విరమిస్తున్నారు. రావిర్యాలలో కార్బన్ పొరలను ఎపాక్సీతో అంటించే యువ సాంకేతికులకు ఆ చదువు అందితే, రేపటి రైఫిళ్లకు మంచి స్టాకులు కట్టడానికి అది నేరుగా పనికొస్తుంది. అలా అందాలంటే ఆ ఆర్మరర్లు ఉద్యోగంలో ఉండగానే, వాళ్లు వాడే కాలర్ కొలతలు, మరల బిగింపులు, ఏ కొయ్య ఎక్కడ చీలిందన్న వివరాలు కాగితం మీదికి ఎక్కించాలి.