కన్నీళ్ళ తర్వాత పాఠం

కొన్ని సినిమాలకు చేతిరుమాలు లేకుండా వెళ్ళకూడదు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ అలాంటిదే. ఆమిర్‌ఖాన్ దర్శకత్వం వహించి, తనే నికుంభ్ మాస్టారిగా నటించిన ఆ చిత్రం చూస్తూ కొంగుతో కళ్ళొత్తుకోని తల్లి ఉంటుందా? మూడో తరగతి రెండోసారి చదువుతూ, అయినా అక్షరాలు పట్టుబడక తిట్లూ చీవాట్లూ తినే ఇషాన్‌ని ఎత్తుకుని ఇంటికి తెచ్చేసుకుందామనిపిస్తుంది.

ఆ సినిమా చేసిన మేలు చిన్నది కాదు. డిస్లెక్సియా అన్న మాట ఎన్నో ఇళ్ళకు మొదటిసారి దానివల్లే తెలిసింది. ముఖ్యంగా ఆ పెట్టె సీను! విదేశీ లిపి అచ్చువేసిన పెట్టె తండ్రి చేతికిచ్చి, చదవమంటాడు మాస్టారు. రాదంటే, పొగరా అన్నట్టు గద్దిస్తాడు. పిల్లల్ని ‘మొద్దు’, ‘సోమరి’ అనే నోళ్ళన్నిటికీ అదే సరైన జవాబు.

అయినా నాకు ఆ చిత్రంతో ఒక పేచీ ఉంది. తెరమీద అక్షరాలు కదులుతాయి, ఎగురుతాయి. చూడ్డానికి బాగానే ఉంది. కానీ చాలామంది పిల్లల్లో అసలు చిక్కు కంటిలో లేదనీ, మాటలోని ధ్వనుల్ని విడదీసి, ఏ ధ్వనికి ఏ అక్షరమో జతచేసుకోవడంలో ఉందనీ దశాబ్దాల పరిశోధన చెబుతోంది. సినిమా చూసిన తల్లి కళ్ళజోడు కోసం పరిగెత్తితే తప్పెవరిది?

నికుంభ్ ఇసుకలో రాయిస్తాడు, మట్టితో అక్షరాలు చేయిస్తాడు. అవి అప్పటికప్పుడు తట్టిన చిట్కాలు కావు. 1930లలోనే అమెరికాలో డాక్టర్ శామ్యూల్ ఆర్టన్ ఆలోచనల ఆధారంగా అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయిని ఇలాంటి పాఠాలు కూర్చారు. చూస్తూ, వింటూ, పలుకుతూ, రాస్తూ ఒక్కొక్క ధ్వనీ నేర్పాలి. నిన్నటిది గట్టిపడితేనే ఇవాళ కొత్తది. మన వీధిబళ్ళలో ఇసుకలో ఓనమాలు దిద్దించినట్టే ఉంది కదూ! కాకపోతే ఇక్కడ ప్రతి మెట్టుకీ ఒక వరుస ఉంది. ఆ చదువుకి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. సినిమాలో మాత్రం నాలుగు దృశ్యాల్లో గట్టెక్కేస్తుంది.

చివరికి ఇషాన్ బొమ్మల పోటీలో గెలుస్తాడు. చప్పట్లే చప్పట్లు! మరి బొమ్మలు వేయడం రాని పిల్లవాడి గతేమిటి? వాడికి కావలసింది బహుమతి కాదు, బస్సు మీద ఊరిపేరు చదువుకోగలగడం.

ఇంకొకటి గమనించారా? ఇషాన్ తల్లి మాయకు ప్రేమ తక్కువా? పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తూనే ఉంటుంది. ఆమె దగ్గర లేనిది పద్ధతి. ఆ సంగతి చూపించిన సినిమాయే, మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ప్రేమనే మందుగా చూపించి పద్ధతిని పక్కకు నెట్టేసింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని కూడా గుర్తించింది. కాబట్టి బడిని అడగడం బతిమాలుకోవడం కాదు. సినిమా మళ్ళీ చూడండి, తనివితీరా ఏడవండి. మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళి, “మావాడికి ధ్వనీ అక్షరమూ కలిపి వరుసగా నేర్పే టీచరు ఎవరండీ?” అని అడగండి.