తుంటి విరిగితే మెదడుకేం?

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయంటే అందరూ నవ్వుతారు. పక్షవాతం వచ్చినవాళ్లను నడిపించడమే పనిగా ఉన్న నాకు ఆ సామెత వింటే నవ్వు రాదు. తుంటి విరిగితే మెదడు కోలుకోవడమే వెనకబడుతుంది.

పడిపోయిన కాలు అడుగేసేటప్పుడు చూడండి. ముందు మడమ ఆనాలి. దానికి బదులు పాదం వేలాడుతూ, బొటనవేలు నేలను రాసుకుంటూ వస్తుంది. హాల్లో ఎలాగో నెట్టుకొస్తారు, గడప దగ్గర తట్టుకుంటుంది. మనమైతే చటుక్కున చెయ్యి ఆనిస్తాం. వాళ్లకు ఆ పక్క చెయ్యి లేవదు, ఒంటి బరువంతా తుంటి మీదే పడుతుంది. ఆ ఎముకేమో అప్పటికే గుల్లబారి ఉంటుంది. బరువు మోయని ఎముక బలం కోల్పోతుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లోనే ఆ పక్క ఎముకలు పలచబడతాయి, కాలికన్నా చేతివి ఎక్కువగా.

మెదడు నడక మళ్లీ నేర్చుకోవడానికి అదనూ ఆ మొదటి నెలలే. సరిగ్గా అప్పుడే మంచాన పడితే నేర్చుకున్నదీ పోతుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశాక నిలబెడదామంటే నొప్పి, నొప్పిని మించిన భయం. “వద్దు బాబూ, మళ్లీ పడతాను” అంటూ నా చొక్కా గుప్పిట పట్టేస్తారు. “నడుం నేను పట్టుకున్నా కదమ్మా” అన్నా ఆ గుప్పిట వదలదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధన ఒకటి ఉంది. పక్షవాతంతో పాటు కాలి ఎముకా విరిగిన ఎలుకల్లో మెదడు మరింత దెబ్బతింది, అక్కడ వాపూ పెరిగింది. ఎలుకల్లో తేలింది మనుషులకు అంటగట్టలేం గానీ, సామెతను వెక్కిరించడం మాత్రం మానేశాను.

కొందరు ఆపరేషన్‌కు బదులు నాటువైద్యుల పుత్తూరు కట్టు కట్టిస్తామంటారు. ఆ కట్టు మీద జనానికున్న గురిని కాదనను. పక్షవాతం మనిషికి తుంటి విరిగితే మాత్రం వద్దంటాను. వారాల తరబడి కదలకుండా ఉంటే వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలి సిరల్లో రక్తం గడ్డలు.

ఇంట్లో పక్షవాతం మనిషి ఉంటే ఇవాళే డోర్‌మ్యాట్లు తీసేయండి. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి, భుజం జారుతుంది. నడుం పట్టుకోండి. ఈసారి నరాల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఎముకల బలం సంగతి మీరే అడగండి.