వెయ్యి ఎక్స్ కాదు, పది మైక్రాన్లు

మిరప పువ్వును మెల్లగా విప్పి మైక్రోస్కోప్ కింద పెడితే లోపల నల్ల తామర పురుగులు పరుగులు తీస్తుంటాయి. ఒక్కొక్కటి ఇంచుమించు మిల్లీమీటరు పొడవు. 2021లో గుంటూరు, ఖమ్మం వైపు మిరప రైతును నిండా ముంచింది ఇవే. ఆ పురుగు రెక్క అంచున ఉండే వెంట్రుకల వరుసను, ఏ వెంట్రుకకు ఆ వెంట్రుక విడిగా, రంగు చెడకుండా కంప్యూటర్ తెర మీద నిలబెట్టి రైతుకు చూపించగలిగినవాడు నా లెక్కలో విద్వాంసుడు. పాట పాడే విద్వాంసుడికైతే సభలు పెట్టి శాలువాలు కప్పుతాం. ఇతనికి మాత్రం ల్యాబ్‌లో ఒక మూల విరిగిన స్టూలు వేస్తాం.

మైక్రోస్కోప్ కెమెరాకు కేబుల్ గుచ్చి బటన్ నొక్కడంలో విద్య ఏముందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ విద్యకు మూడున్నర శతాబ్దాల వంశం ఉంది. డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారం చేసుకునే లీవెన్‌హుక్ తానే అరగదీసిన చిన్న కటకంతో సూక్ష్మజీవుల్ని చూశాడు. తనకు బొమ్మలు వేయడం చేతకాదని ఒక చిత్రకారుణ్ణి పెట్టుకున్నాడు. చూడటం ఒక పని, చూసినదాన్ని పదిమందికీ కనిపించేట్టు పట్టుకోవడం ఇంకో పని అని అప్పుడే తేలిపోయింది. మన డిగ్రీ కాలేజీల్లో బోటనీ రికార్డు రాసినవాళ్లకు ఈ రెండో పని కష్టం తెలుసు. ఎడమ కన్ను ఐపీస్‌లో, కుడి కన్ను కాగితం మీద, చేతిలో చెక్కిన పెన్సిలు. రెండు కళ్లూ తెరిచే ఉంచి కాండం అడ్డుకోతను చుక్కలు చుక్కలుగా దించే అధ్యాపకులు ఉండేవారు.

ఫొటో విషయానికొస్తే నా ఆరాధ్యుడు ఒక్కడే, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, జెరికో ఊరి రైతు విల్సన్ బెంట్లీ. 1885 జనవరి 15న మైక్రోస్కోప్‌కు పెట్టె కెమెరా తగిలించి ఒక మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. వెచ్చదనం సోకితే కరిగిపోయే వస్తువు కదా, నిప్పు లేని కొట్టంలో గడ్డకట్టే చలిలో నిలబడి, ఊపిరి తగలకుండా బిగబట్టి, ఈకతో స్ఫటికాన్ని సర్ది తీసేవాడు. అలా జీవితకాలంలో ఐదువేలకు పైగా తీశాడు! ఆటో ఫోకస్ లేదు, ఆటో ఎక్స్‌పోజర్ లేదు, చెడితే చెరిపేసే సదుపాయం అసలే లేదు.

మన గడ్డ మీదా ఒక ఘట్టం ఉంది. సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. కోసిపెట్టిన దోమ గాలికి ఎగిరిపోతుందని పంకా కూడా ఆపించేవాడట. చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయట, మిగిలిన ఒక్క ఐపీసూ బీటలు వారిందట. ఆ పరికరంతో చూసినదానికే 1902లో నోబెల్ బహుమతి. ఇవాళ ఎల్ఈడీ దీపం, ఏసీ గది, ఖరీదైన కెమెరా అన్నీ పెట్టుకుని ఉల్లిపొర కూడా మసకగా తీసేవాళ్లను చూస్తే రాస్ గుర్తొస్తాడు.

సరే, పనిలోకి వద్దాం. ముందు మైక్రోస్కోప్‌కు తగిలించిన కెమెరాను కంప్యూటర్ గుర్తుపట్టాలి. 2003లో యూవీసీ అనే ఉమ్మడి నియమావళి వచ్చింది. దాన్ని పాటించే కెమెరాకు వేరే డ్రైవర్ అక్కర్లేదు. విండోస్‌లో కెమెరా యాప్, మ్యాక్‌లో క్విక్‌టైమ్, లినక్స్‌లో జీయూవీసీవ్యూ ఏదైనా సరిపోతుంది. లినక్స్ అయితే 2008 నుంచి ఈ డ్రైవర్‌ను కడుపులోనే పెట్టుకుని ఉంది. పక్షపాతం అంటే అననివ్వండి, సీడీలో డ్రైవర్ ఇచ్చి, ఆ సీడీ పోతే మూలన పడే కెమెరాను నేను ఎవరికీ కొనమని చెప్పను.

తమాషా ఏమిటంటే, యాప్ తెరవగానే చాలాసార్లు ల్యాప్‌టాప్ సొంత కెమెరా తెరుచుకుంటుంది. పురుగు కోసం వంగినవాడికి తన ముఖమే ఎదురవుతుంది. కెమెరా మార్చే గుర్తు నొక్కాలన్నది తట్టక పరికరం చెడిపోయిందని తిప్పి పంపినవాళ్లున్నారు. తెర నల్లగా ఉంటే అవతల వీడియో మీటింగ్ యాప్ ఏదో కెమెరాను పట్టుకుని ఉండవచ్చు. విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి లేకపోవచ్చు. లేదా ఆ కేబుల్‌లో డేటా తీగలే ఉండకపోవచ్చు, అది ఒట్టి చార్జింగ్ కేబుల్. కరెంటు చాలని యూఎస్‌బీ హబ్ ఇంకో శత్రువు.

బొమ్మ వచ్చింది, కానీ కదిలిస్తే కుంటుతోంది. ఇక్కడే పనివాడి తెలివి బయటపడుతుంది. 1600 బై 1200 చుక్కల బొమ్మను కుదించకుండా, వైయూవై2 రూపంలో పంపితే ఒక్కో ఫ్రేముకు 38 లక్షల బైట్లు. యూఎస్‌బీ 2 మీద వీడియోకు దొరికే దారి సెకనుకు మహా అయితే రెండున్నర కోట్ల బైట్లు. భాగించి చూడండి, సెకనుకు ఆరు ఫ్రేములు దాటవు. అందుకే తెలిసినవాళ్లు ఫోకస్ వెతికేటప్పుడు బొమ్మను కుదించి పంపే ఎంజేపెగ్‌లో పెడతారు, బొమ్మ చకచకా కదులుతుంది. తీరా తీసే క్షణంలో వైయూవై2కి మారతారు. ఎంజేపెగ్ చేసే కుదింపులో సన్నని వెంట్రుకల అంచులు గళ్లుగళ్లుగా చెదిరిపోతాయి మరి.

తెర మీద నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటే కెమెరా తప్పు కాదు. చాలా కెమెరాలు 60 హెర్ట్జ్ కరెంటుకు సర్ది వస్తాయి. మనది 50. సెట్టింగుల్లో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ అని ఒక గడి ఉంటుంది, దాన్ని మార్చండి. తర్వాత ఆటో ఎక్స్‌పోజర్ ఆపండి. స్లైడ్ మీద ఖాళీ చోటు చూపించి వైట్ బ్యాలెన్స్ కుదిర్చి బిగించేయండి. లేకపోతే స్లైడ్ జరిపిన ప్రతిసారీ గులాబీ రంగు కణం ఊదా అవుతుంది, ఊదా నీలమవుతుంది. రక్తపు స్మియర్‌లో రంగే రోగ నిర్ధారణకు ఆధారమైనప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇంత చేసినా వెలుతురు కుదరకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. 1893లో ఆగస్ట్ కోహ్లర్ చెప్పిన పద్ధతికి ఇవాళ్టికీ సాటి లేదు. కింది డయాఫ్రం మూసి, దాని అంచు స్పష్టంగా కనిపించేదాకా కండెన్సర్‌ను పైకీ కిందికీ తిప్పి, గుండ్రటి వెలుగును నడిమధ్యకు తెచ్చి, చూపు మేర దాటేంతవరకే మళ్లీ తెరవాలి. తర్వాత కండెన్సర్ డయాఫ్రంను మూడు వంతులు తెరిచి ఆపాలి. నాకు తెలిసిన ఒక వృద్ధ ల్యాబ్ అటెండర్ ఈ మొత్తం వరసను స్లైడ్ పెట్టిన చేయి వెనక్కి తీసేలోపు ముగించేవారు. పక్కన నిలబడి చూస్తే ఏం తిప్పారో అర్థమయ్యేది కాదు. తెర మీద మాత్రం కణం గోడ గీసినట్టు నిలబడేది. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో మొబైల్ బోర్డుల మీద ఇసుక రేణువంత చిప్పులను మైక్రోస్కోప్ కింద చూస్తూ టంకం పెట్టే కుర్రాళ్లూ అంతే. వాళ్లకు కోహ్లర్ పేరు తెలియకపోవచ్చు. వెలుతురును ఎటు వంచితే టంకం మెరుపు కంటికి అడ్డురాదో మాత్రం తెలుసు.

ఇప్పుడు కడుపుమంట సంగతి. ఆన్‌లైన్‌లో ‘1000 ఎక్స్’ అని అట్ట మీద అచ్చేసి అమ్మే యూఎస్‌బీ మైక్రోస్కోప్ గొట్టాలు ఇంటింటికీ చేరుతున్నాయి. మూతి చుట్టూ ఎనిమిది ఎల్ఈడీలు, లోపల ఒక ప్లాస్టిక్ కటకం. మామూలు కాంతితో 0.2 మైక్రాన్లకంటే చిన్న వివరాన్ని విడదీయలేమని తేలడానికి ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే దారి చూపించాడు. నిజంగా వెయ్యి రెట్లు చూడాలంటే 100 ఎక్స్ ఆబ్జెక్టివ్ కావాలి. స్లైడ్ మీద నూనె చుక్క వేసి, కటకాన్ని గాజుకు తగిలీ తగలనట్టు దించాలి. పిల్లల బొమ్మ స్టాండుకు వేలాడే గొట్టం అంత దూరం నుంచి ఆ పని చేస్తుందా? పైగా ఆ ‘రెట్లు’ అన్న లెక్కే మోసం. ఒక మిల్లీమీటరు మేరను 30 సెంటీమీటర్ల తెర మీద పరిస్తే 300 రెట్లు. అదే బొమ్మను ప్రొజెక్టర్‌తో రెండు మీటర్ల గోడ మీద వేస్తే 2000 రెట్లు! కొత్తగా ఒక్క వివరమూ పుట్టలేదు, మసక మాత్రం పెద్దదైంది. లేని పిక్సెళ్లను సాఫ్ట్‌వేర్‌తో కల్పించి మెగాపిక్సెళ్లు పెంచి చెప్పడం దీనికి తోడు. సైన్స్ ఫెయిర్ కోసం ముచ్చటపడి కొన్న పిల్ల నీటి చుక్కలో ఏమీ కనిపించక, మైక్రోస్కోప్ అంటేనే ఇంతేనని పక్కన పారేస్తే, ఆ పాపం ఎవరిది?

పనివాడు రెట్ల గురించి మాట్లాడడు, కొలత గురించి మాట్లాడతాడు. స్టేజ్ మైక్రోమీటర్ అని ఒక గాజు పలక దొరుకుతుంది. మిల్లీమీటరును వంద భాగాలు చేసి గీతలు గీసి ఉంటాయి, గీతకూ గీతకూ మధ్య పది మైక్రాన్లు. ముందు దాన్ని ఫొటో తీసి, ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఆ గీతల మీద ఒక గీత లాగి ‘సెట్ స్కేల్’ నొక్కితే, ఎన్ని పిక్సెళ్లకు ఎన్ని మైక్రాన్లో తేలిపోతుంది. ఒక్కో ఆబ్జెక్టివ్‌కు ఒక్కోసారి చేసి రాసిపెట్టుకోవాలి. ఎర్ర రక్తకణాన్ని కొలిస్తే ఏడెనిమిది మైక్రాన్లు రావాలి. పదిహేను వచ్చిందంటే రెజల్యూషన్ మార్చి స్కేల్ మార్చడం మరిచారన్నమాట.

కాలేజీల్లో కెమెరాకు మూడో గొట్టం ఉన్న మైక్రోస్కోపులు కొన్నారు, కెమెరాలు కొన్నారు. చాలాచోట్ల అవి గుడ్డ కప్పుకుని బీరువాలో ఉన్నాయి. సీడీ పోయిందనో, కొత్త విండోస్‌లో డ్రైవర్ ఎక్కడం లేదనో, తెలిసిన అటెండర్ రిటైరయ్యాడనో చెబుతారు. ఆ అటెండర్ స్థానంలో ఎవరినీ తీసుకోలేదన్నది అసలు కారణం. ప్రిన్సిపాల్ గార్లకు దండం పెట్టి అడుగుతున్నాను. కొత్త కెమెరాకు టెండరు పిలిచే ముందు ఆ బీరువా తెరిపించండి. పాత కంప్యూటర్‌లో లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, కెమెరాను డేటా కేబుల్‌తో నేరుగా కంప్యూటర్ వెనక పోర్టుకు తగిలించమనండి. యూవీసీదైతే వెంటనే బొమ్మ వస్తుంది. కాకపోయినా పాత కెమెరాలు కొన్నింటికి లినక్స్‌లో డ్రైవర్ ఉంది. ఏదీ కుదరకపోతే అప్పుడు కొత్తది కొనండి, ఆర్డరు కాగితంలో యూవీసీ అన్న మాటా, స్టేజ్ మైక్రోమీటరూ తప్పకుండా రాయించండి. రిటైరైన ఆ అటెండరు గారు ఊళ్లోనే ఉంటే, గౌరవ వేతనం ఇచ్చి వారానికి ఒక పూట పిలిపించండి.