మాస్టారి పెన్నులు

ఫిల్లరుతో ఇంకు పోసుకునే పెన్ను నిండుగా ఉన్నంతసేపు బుద్ధిగా రాస్తుంది. ఇంకు అడుక్కి వచ్చాక ఉన్నట్టుండి కాగితం మీద ఇంత బొట్టు కక్కుతుంది. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును కిందికి తోస్తుంది. ఇంకు తగ్గేకొద్దీ గాలి ఎక్కువ, తోపూ ఎక్కువ. అందుకే సగం కాకముందే మళ్లీ నింపుకోవాలి. ఈ సంగతి నాకు చెప్పింది మాస్టారు, మా అమ్మ రెండో భర్త. మొన్న సంక్రాంతి వెళ్లాక పోయారు.

నాన్న పోయిన చాలా ఏళ్లకు అమ్మ ఆయన్ని చేసుకుంది. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది మా రాజమండ్రిలోనే. వందేళ్లు దాటినా, అదే ఊళ్లో, చుట్టాల్లో కొందరు మా గడప తొక్కడం మానేశారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇంట్లోకి వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

ఆదివారం పొద్దున్నే వరండాలో పాత పేపరు పరిచి పెన్నులు విప్పుకుని కూర్చునేవారు. ఓ వారం నేనూ వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. "ఆ నాలుక కడిగి పెడతావా అమ్మాయ్?" అన్నారు, పాళీ కింది ముక్క నా చేతికిస్తూ. అక్కణ్నుంచి ఆదివారాలు మా ఇద్దరివీ అయ్యాయి.

ఆయనకు ఎబొనైట్ పెన్నులంటే ప్రాణం. రబ్బరులో గంధకం బాగా దట్టించి ఉడికిస్తే ఎబొనైట్ అవుతుంది. ఆ కడ్డీని లేతు మీద తిప్పి పెన్ను తీస్తారు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకం తెలుస్తుంది. ఎండలో వదిలేస్తే నలుపు విరిగి పాచిరంగుకు తిరుగుతుంది. మా ఊళ్లో ఈ పనికి పేరు కె.వి. రత్నం గారిది. ఆయన చేసిన స్వదేశీ పెన్ను తన అనుచరుడు కుమారప్ప గారి ద్వారా అందితే, బజారులోని విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే పనికొస్తుందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. మాస్టారి డబ్బాలో రత్నం పెన్ను ఒకటి ఉండేది. దాన్ని మాత్రం నా చేత కూడా కడిగించేవారు కాదు.

తెలుగు రాతకు మరీ సన్నపాళీ పనికిరాదని ఆయన పట్టు. మన అక్షరం గుండ్రన. పాళీని కిందికి లాగినంత తేలిగ్గా పైకి తోయలేం, అక్కడే గీరుతుంది. నున్నటి వాటర్ పేపరు మీద నీటిచుక్క వేసి, బరువు ఆనించకుండా పాళీతో 8 అంకె తిప్పేవారు. తిప్పి, తుడిచి, ఇంకులో ముంచి, కాగితం మీద 'ఘ' రాసేవారు. రాస్తూ నావైపు చూసేవారు. "గీరుతోందా?" నా చెవి తనకంటే చురుకైందని ఆయన నమ్మకం. నేను లేదనేదాకా పాళీ పెన్నులోకి ఎక్కేది కాదు.

ఆయన నాకు తండ్రి కావాలని ఎన్నడూ ప్రయత్నించలేదు. నాకు దక్కిన పెద్ద గౌరవం అదేననుకుంటాను. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా, పాళీ వంక చూస్తూనే ఎన్నో చెప్పుకున్నాం. మొదటి ఉద్యోగం మానేస్తున్నానని అమ్మకన్నా ముందు ఆయనకే చెప్పాను, నాలుక గాడిలో ఎండిన ఇంకును పాత బ్రష్షుతో తీస్తూ. ఒకసారి, నాన్నగారి దస్తూరీ ఎలా ఉండేదని అడిగారు. పాత కార్డుముక్క తెచ్చి ఇచ్చాను. అద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. "క్రావడి ఎంత ఒడుపుగా తిప్పారో చూడమ్మా" అన్నారు. నాన్న గురించి మా ఇంట్లో అంత తేలిగ్గా, అంత ఇష్టంగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా అమ్మ పక్కన కూర్చున్నారు. అది సబబే. నాకూ ఒక మనిషి పోయాడని మాత్రం కొద్దిమందికే తోచింది.

ఈమధ్యే ఆయన డబ్బా తీశాను. అన్నిట్లో ఇంకు గడ్డకట్టింది. మీ ఇంట్లోనూ పోయినవాళ్ల పెన్ను ఉంటే వేడినీళ్లు మాత్రం పోయకండి, ఎబొనైట్ వన్నె చెడుతుంది. పాళీ మునిగేంత చన్నీళ్లలో రాత్రి ఉంచి, పొద్దున మార్చండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. రత్నం పెన్ను కడిగి అమ్మకిచ్చాను. పాలపద్దు దాంతోనే రాస్తోంది. కాస్త గీరుతోందట, ఈ ఆదివారం వాటర్ పేపరు పట్టుకుని వెళ్తున్నాను.