పాయిన్యెంట్ అయితే గుచ్చుకోవాలి కదా

ఈమధ్య మన పుస్తక సమీక్షల్లో ‘పాయిన్యెంట్’ అనే మాట మరీ చవకైపోయింది. అమ్మ గురించి కథ రాస్తే పాయిన్యెంట్, ఊరు వదిలొచ్చినవాడి కథ రాస్తే పాయిన్యెంట్. చదువుతుంటే కళ్ళు కాస్త చెమ్మగిల్లాయని చెప్పడానికి వాడేస్తున్నారు. నా పేచీ అక్కడే.

ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకి మూలం లాటిన్ ‘పుంగెరె’. అంటే పొడవడం, గుచ్చడం. టైరుకి పడే పంక్చరు, ఘాటుని చెప్పే పంజెంట్, మా బోటివాళ్ళకి సీ ప్రోగ్రామింగ్‌లో నిద్రలేకుండా చేసే పాయింటర్ – అన్నీ ఆ వంశంవే. పద్నాలుగో శతాబ్దంలో చాసర్ ‘కాంటర్‌బరీ టేల్స్’ ప్రోలోగ్‌లో ఒక తిండిపుష్టి గల భూస్వామి ఉంటాడు. సాసు పాయిన్యెంట్‌గా లేకపోతే ఇక అతని వంటవాడి పని అయిపోయినట్టే! అక్కడ అది నాలుక మీద పొడిచే ఘాటు.

ఇంగ్లీషువాళ్ళ ‘బిట్టర్’ కూడా అంతే, ‘బైట్’కి చుట్టం. మనం నాలుకతో చెప్పే చేదుని వాళ్ళు పళ్ళతో చెప్పారు. ‘సార్కాజం’ గ్రీకు మూలంలో మాంసం చీల్చడం ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ‘రిమోర్స్’. లాటిన్‌లో మళ్ళీ కొరకడం. 1340లో కాంటర్‌బరీ మఠవాసి డాన్ మైకేల్ ఒక ఫ్రెంచి పుస్తకాన్ని కెంట్ మాండలికంలోకి తెస్తూ, దాన్ని ముక్కకి ముక్క ‘అయెన్‌బైట్’ అని పేరులోనే పెట్టాడు. దాన్నే 1922లో ‘యులిసీస్’లో జాయిస్ బయటికి తీశాడు. చావుబతుకుల్లో ఉన్న తల్లి మోకరిల్లి ప్రార్థించమంటే స్టీఫెన్ ఒప్పుకోడు. ఆవిడ పోయాక ఆ పాత మాట అతని బుర్రలో పదేపదే తిరుగుతుంది. అమ్మ గురించి రాయడమంటే అదీ. కన్నీళ్ళు తక్కువ, పంటిగాట్లు ఎక్కువ.

తెలుగులో పదును లేదా అంటే, బోలెడుంది. ఎత్తిపొడుపులో పొడవడం ఇంకా కనబడుతూనే ఉంది, సూటిపోటి మాటల్లో పోటు ఉంది. ‘కాస్టిక్’ మూలంలో ఉన్న కాలడం మన చురకలోనూ ఉంది. కానీ విచిత్రంగా వీటన్నిటినీ అత్తాకోడళ్ళ తగువులకి వదిలేసి, సమీక్షకి కూర్చోగానే ‘హృద్యం’, ‘ఆర్ద్రం’ అంటాం.

ఆర్ద్రంగా ఉన్న కథని ఆర్ద్రం అనండి, అభ్యంతరం లేదు. పాయిన్యెంట్ అంటే మాత్రం ఏ వాక్యం దగ్గర గుచ్చుకుందో కూడా రాయండి. ఆ పేజీ తీసి చదువుకుంటాను.