భృతి – కూలి : అర్థవిమర్శము

కూలి యనాదిసిద్ధమనియుఁ, గావున పెట్టుబడి ప్రధానమైన ధనస్వామ్యమును గార్మికవర్గమును గ్రొత్తవి కావనియుఁ గొందఱు విమర్శకులు పలుకుచున్నారు. పాణినీయమే వారికిఁ బ్రమాణము. ఆ ప్రమాణమునే పరిశీలింతము.

కర్మశబ్ద ముపపదముగా నుండి, భృతి గమ్యమానమగునపుడు కృఞ్ ధాతువునకు టప్రత్యయము వచ్చి ‘కర్మకర’ రూపము సిద్ధించును (3.2.22). భృతి లేనిచో ‘కర్మకార’ యగును. ఒక్క హ్రస్వముచేతనే కూలికిఁ బనిచేయువాఁడు వేఱుపడెను. పరిక్రయణమునందుఁ గరణమునకు వికల్పముగా సంప్రదానసంజ్ఞ కలుగును (1.4.44). పరిక్రయణమనఁగా వేతనముచే నియతకాలము స్వీకరించుటయే కాని యాత్యంతికక్రయము గాదని కాశికాకారుల వివరణము. ఐదు భృతిగాఁ గలవాఁడు ‘పంచకుఁడు’ (5.1.56). కాఁబట్టి భృతియు భృతకుఁడును బ్రాచీనము లనుట యింతవఱకు సత్యమే.

అయినను, భృతి యున్నంతమాత్రమున ధనస్వామ్య మున్నదనుట హేత్వాభాసము. 1867లోఁ బ్రకటితమైన ‘కాపిటల్’ మొదటి సంపుటమున మార్క్సు చూపినది కూలి పుట్టుక గాదు; భూమినుండియుఁ బనిముట్లనుండియు శ్రామికుఁడు విడిపోవుట. ఇంగ్లండున నుమ్మడిభూములకుఁ గంచెలు పడుట యిందులకు నాతఁ డిచ్చిన ముఖ్యోదాహరణము. దాసుఁడు గాకుండుట యొకటి. తన శ్రమశక్తి దక్క నమ్ముకొన వేఱొకటి లేకుండుట యొకటి. ఈ రెండును గూడినపుడే నూతనవర్గము పుట్టును. మొదటిదానిని వ్యాకరణము చెప్పినది. రెండవదానిని జరిత్ర చెప్పవలెను.

మా చిట్టమూరునకుఁ దూర్పున సముద్రతీరము వెంబడిఁ బోవు బకింగుహాము కాలువ యిందులకు సాక్షి. చెన్నపట్టణములో నడయాఱును గూవమును గలుపు నా కాలువభాగమును 1877-78లో క్షామపీడితులే త్రవ్విరి. క్షామపుఁబనులలోఁ బురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై నొక యణాయుఁ జాలునని 1877లో రిచర్డు టెంపుల్ దొర నిర్ణయించెను. అది చాలదని వైద్యుఁడగు కార్నిషు దొర యాక్షేపించెను. ఆ వివాదము త్రవ్విన మంటి వెలను గూర్చి కాదు. ఎంత తిన్నచో మనుష్యుఁడు రేపును బనికి వచ్చునను దానిని గూర్చి. క్షామమే ధనస్వామ్యమును సృష్టించెనని యనరాదు. కాని పొలమున గింజ లేనివానికిఁ గూలి యేమగునో యది స్పష్టముగాఁ జూపినది.

ఈ దృష్టితో ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922)ని మరలఁ జదువవలెను. జాతీయోద్యమమును, అస్పృశ్యతానిరసనమును విమర్శకు లందుఁ జూచిరి. యుక్తమే. కాని పాలేరుతనము గూలిగా మాఱుచున్న సంధికాలమును నందే కలదు. యజమానిపుత్రుఁడగు రామానాయుని మైత్రి సంగదాసును జౌదరయ్య దెబ్బనుండి కాపాడలేకపోయెను. స్నేహ మొకటైనను బ్రయోజనములు రెండు.

‘పంచకుఁడు’ అనుటకుఁ దద్ధితప్రత్యయ మొకటి కావలసెను. నేఁటి వ్యవహారమున నే ప్రత్యయమును లేకయే కూలి మనుష్యునిపేరై ‘కూలీ’ యయినది. కర్మకరశబ్దమును బాఠము చెప్పు పండితులు, భృతి యెంత యని మాత్రమే గాక, యా భృతి నిలిచిననాఁడు వానికేమి మిగులునని కూడ శిష్యుల నడుగవలెను. ప్రాచీనభృతకునకును నూతనకార్మికునకును గల భేద మా యుత్తరమునందే తెలియును.